అమరం మీద రెండంగుళాలు

పడవ ముందు భాగాన్ని అణియమనీ, వెనుక భాగాన్ని అమరమనీ మన పాత నిఘంటువులు చెబుతాయి. భాషాప్రవీణకు చదివే రోజుల్లో ఈ రెండు మాటలూ కంఠస్థం చేసినవాడినే. కాని ఆ అమరం ఎన్ని అంగుళాల ఎత్తు ఉండాలి, దానికి తగిలించిన యంత్రం నీటిలో ఎంత లోతుకు దిగాలి అన్న ప్రశ్నను ఏ ప్రబంధ వ్యాఖ్యాతా నన్ను అడగలేదు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, మారేడ్‌పల్లిలో మూడవ అంతస్తు బాల్కనీలో కూర్చుని, అరవయ్యేళ్ళు దాటాక ఆ లెక్క వేయవలసి వచ్చింది. వేశాను. ఆ వివరమే ఈ టపా. ఛందస్సు గురించి ఆశించి వచ్చిన మిత్రులు ఈసారికి మన్నించాలి.

ముందుగా వస్తువేమిటో చెప్పాలి. చిన్న పడవలకు వెనుక వైపున, బయట వేలాడే ఇంజను ఉంటుంది. దానినే ఔట్‌బోర్డు మోటారు అంటారు. తల పైన, ఇరుసు మధ్యన, ఫ్యాను నీటిలో. (ప్రొపెల్లరు అని పుస్తకాల్లో ఉన్నా నాకు ఈ విద్య నేర్పినవాడు ఫ్యాను అంటాడు కనుక నేనూ అదే వాడతాను.) ఈ మోటారును పడవ వెనుక బల్లకు రెండు మరలతో బిగిస్తారు. ఆ బల్లకూ మోటారుకూ మధ్య ఒక లోహపు చట్రం అమర్చి, మోటారును కొన్ని అంగుళాలు వెనక్కి జరిపి, నిలువునా పైకీ కిందికీ కదిలేటట్లు చేసే సాధనం ఒకటి ఉన్నది. పేరు జాక్ ప్లేటు. నేను దీనికి 'ఉత్థాపక ఫలకం' అని ఒక మాట కట్టి వినిపిస్తే మా వాడు కాసేపు మౌనంగా ఉండి, "జాకీ పలక అందామండి మాస్టారూ" అన్నాడు. కారు చక్రం మార్చేటప్పుడు ఎత్తే జాకీ అందరికీ తెలిసినదే. అతని మాటే నిలిచింది, నిలవవలసినదీ అదే.

ఈ 'మా వాడు' ఎవరంటే, ఉప్పాడ వైపు తీరంలోని ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో నేను తెలుగు పండితుడిగా ఉన్నప్పుడు పదవ తరగతి చదివిన కుర్రవాడు. ఇప్పుడు కుర్రవాడేమీ కాదు, నలభై దాటిన సంసారి. ఏడు మీటర్ల లోపు ఫైబరు బోటు ఒకటి, పాతది కొన్న 9.9 అశ్వశక్తి మోటారు ఒకటి, వలలు, తనతో కలిపి నలుగురు మనుషులు, తీరవలసిన అప్పు కొంత. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను పడవల వేటకు నిషేధం కదా. 2015కు పూర్వం అది 47 రోజులే ఉండేది. ఆ రెండు నెలలూ పడవలు ఇసుక మీద బోర్లపడి ఉంటాయి, మరమ్మతులన్నీ అప్పుడే. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఫోను చేశాడు.

"ఆయ్ మాస్టారూ, మా మేనల్లుడు అమెరికాలో ఉన్నాడు కదండి, ఆడేదో ఇంజను కింద పెట్టే జాకీ తెస్తానంటన్నాడండి. కాయితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఎట్టుకోమంటారా, వద్దంటారా?"

ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పడానికి తెలుగు మాస్టారేమిటని మీరు నవ్వవచ్చు. పల్లెటూళ్ళలో మాస్టారంటే మాస్టారే. ఆయనకు అన్ని కాగితాలూ వస్తాయి. అర్జీ రాయాలన్నా, మందు సీసా మీది అక్షరాలు చదవాలన్నా, పెళ్ళికి ముహూర్తం కుదురుతుందా అన్నా ఆయన దగ్గరకే వస్తారు. అందులో నాకు తప్పించుకోవాలని ఎన్నడూ అనిపించలేదు.

ఇంకొక కారణమూ ఉన్నది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తూర్పు గోదావరి తీరాన్ని దాటిన తుపాను జ్ఞాపకమున్నవారు ఉంటారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్ళ నుంచి నీళ్ళ మీదికి వెళ్ళినవారిలో ఎందరో తిరిగి రాలేదు. ఆ తరువాత బడి తెరిచినప్పుడు హాజరు పిలుస్తుంటే జవాబులు ఎలా ఉండేవో నేను ఇక్కడ రాయబోను. ఆనాటి గాలికి ఏ మోటారూ, ఏ పలకా అడ్డుపడేది కాదు, ఆ సంగతి తెలుసు. కాని ఆనాటి నుంచి పడవ మీది ఏ చిన్న వస్తువు గురించి ఎవరడిగినా 'నీ ఇష్టం నాయనా' అని ఫోను పెట్టేయడం నా వల్ల కాలేదు.

సరే, విషయానికి వస్తాను.

ఔట్‌బోర్డు మోటారును జనసామాన్యానికి అందించినవాడు ఓల్ ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి అమెరికాలో విస్కాన్సిన్ చేరిన కుటుంబం. వనవిహారంలో, మనసిచ్చిన అమ్మాయి ఐస్‌క్రీం కావాలంటే చెరువు దాటి తెడ్డు వేసుకుంటూ వెళ్ళి తెచ్చేసరికి అది కరిగిపోయిందట, అందుకే మోటారు ఆలోచన వచ్చిందట. కథ నిజమో, అందంగా చెప్పుకున్నదో గాని, 1909 నుంచి ఆయన మోటార్లు అమ్మిన మాట వాస్తవం. ఆయన పేరుతో నడిచిన తయారీ 2020లో ఆగిపోయింది. ఆ తొలి మోటారు నుంచి ఈనాటి దాకా మారని సంగతి ఒకటున్నది: మోటారు ఇరుసు పొడవు, పడవ వెనుక బల్ల ఎత్తు, ఈ రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. పొట్టి ఇరుసు మోటారు 15 అంగుళాల బల్లకు, పొడుగు ఇరుసుది 20 అంగుళాల బల్లకు, ఇంకా పొడుగైనది 25 అంగుళాలకు. వధూవరుల ఈడూజోడూ చూసినట్లే ఇదీ. కుదరని చోట ఒకరు వంగాలి, లేదా మరొకరు పీట ఎక్కాలి. జాకీ పలక ఆ పీట.

ఫ్యానుకు కొంచెం పైన మోటారు కాలికి అడ్డంగా ఒక చిన్న రెక్క వంటి పలక ఉంటుంది. దానికి ఇంగ్లీషులో యాంటీ వెంటిలేషన్ ప్లేటు అని పేరు. చాలామంది, అమ్మేవారు సైతం, దానిని కావిటేషన్ ప్లేటు అంటారు. ఈ రెండు మాటల మధ్య భేదం తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. పట్టినందుకు సంతోషమే కలిగింది, ఎందుకంటే మొత్తం వ్యవహారపు కీలకం అక్కడే ఉన్నది. ఫ్యాను అతివేగంగా తిరిగినప్పుడు దాని రెక్కల మీద ఒత్తిడి బాగా పడిపోయి, చల్లని నీరే ఆవిరి బుడగలుగా మరగడం కావిటేషను. ఫ్యాను నీటి మట్టానికి మరీ దగ్గరగా ఉన్నప్పుడు పైనుంచి గాలిని పీల్చుకొని, నీటి మీద పట్టు కోల్పోవడం వెంటిలేషను. మొదటిది నీటిలోపలి జబ్బు, రెండవది గాలి దోషం. మన చిన్న పడవలను బాధించేది ఎక్కువగా రెండవదే. గాలి పీల్చిన క్షణాన ఇంజను ఒక్కసారి గీపెడుతుంది, ఫ్యాను గిర్రున తిరుగుతుంది, పడవ మాత్రం ముందుకు పోదు. మావాడి భాషలో 'ఇంజను ఉత్తినే అరుస్తది'.

ఆ అడ్డపలక పడవ అడుగు మట్టానికి సమంగానో, ఓ అర అంగుళం, అంగుళం కిందుగానో ఉండాలన్నది సాధారణ సూత్రం. నీటిని చీల్చుకొని పైకి తేలి దూసుకుపోయే వేగపు పడవలకు మాత్రం మోటారును ఆ మట్టం కంటె పైకి ఎత్తవచ్చు. ఎందుకంటే వెనుక బల్లను దాటిన తరువాత నీరు కొంత పైకి లేస్తుంది. మోటారును వెనక్కి జరిపితే ఆ లేచిన నీరు, కలత లేని నీరు, ఫ్యానుకు అందుతుంది. మోటారు కాలు ఎంత తక్కువ మునిగితే అంత తక్కువ రాపిడి, అంత ఎక్కువ వేగం, నూనె ఆదా. తక్కువ లోతు నీళ్ళలో ఫ్యాను అడుగుకు తగలదు. జాకీ పలక గుణగణాలన్నీ ఇవే, ఇందులో అబద్ధమేమీ లేదు.

మేనల్లుడు ఉండేది టెక్సాసులో, హ్యూస్టన్ నగరంలో. కంప్యూటరు ఉద్యోగం. సెలవు రోజుల్లో మిత్రుల పడవలో గాల్వెస్టన్ అఖాతం మీద చేపలు పట్టడానికి వెళతాడు. చూపించే వీడియోల్లో నీరు మోకాలి లోతు, అద్దంలా ఉంటుంది. అడుగున గడ్డి కనిపిస్తుంటుంది. చదునైన అడుగున్న పడవ, పెద్ద మోటారు, ఒక మీట నొక్కితే ఆ మోటారు మొత్తం నిలువునా పైకి లేస్తుంది. పడవ గడ్డి మీద జారినట్లు పోతుంది. అది చూసి పిల్లవాడికి మేనమామ గుర్తుకు వచ్చాడంటే అది వాడి మంచితనం. మావాడికున్న కష్టమూ పైకి అటువంటిదే: ఒడ్డుకు వచ్చేటప్పుడు, తీరానికి ముందుండే ఇసుక మేట మీద మోటారు కాలు తగులుతోంది. అక్కడా తక్కువ నీరే, ఇక్కడా తక్కువ నీరే. మందు ఒకటే కాకూడదా?

కాకూడదని చెప్పడానికి నాకు తెలిసినంతలో ఉప్పాడ కెరటమే చాలు.

కాకినాడ అఖాతానికి హోప్ ఐలాండు అడ్డంగా పడుకొని ఉండటం చేత లోపల నీరు శాంతంగా ఉంటుంది. ఆ ఇసుక దిబ్బ నీడ దాటి ఉత్తరానికి వస్తే సముద్రం నేరుగా ఒడ్డును కొడుతుంది. ఆ కోతకు ఉప్పాడ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు రాళ్ళు పోశారో పత్రికలు చదివేవారికి కొత్త కాదు. అక్కడ పడవ బయలుదేరడమన్నా చేరడమన్నా విరిగే కెరటాల వరుసను దాటడమే. ఒడ్డుకు వచ్చేవాడు కెరటాల వెనుక ఆగి, లెక్కపెట్టి, పెద్దవి పోయాక ఒకదాని వీపు మీదుగా వస్తాడు. ఆ కొన్ని క్షణాలూ ఫ్యాను నీటిని గట్టిగా పట్టుకొని ఉండాలి. పడవ ముక్కు కిందికి వంగినప్పుడు అమరం పైకి లేస్తుంది. అంటే మోటారు ఎలాగూ అడుగో, అడుగున్నరో పైకి వస్తుంది. దానిని మనం ముందే నాలుగంగుళాలు ఎత్తి ఉంచితే? గాలి పీలుస్తుంది. ఇంజను ఉత్తినే అరుస్తుంది. వెనుక కెరటం వచ్చేసరికి తిప్పే శక్తి లేని పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవను కెరటం ఏం చేస్తుందో తీరంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

టెక్సాసులో ఎత్తితే పట్టు పోయినా పడవ ఆగిపోతుంది, అంతే. ఇక్కడ ఆగడం వేరు.

వేగం సంగతీ చూద్దాం. మావాడి బోటు నీటిని తోసుకుంటూ పోయేదేగాని పైకి తేలి దూసుకుపోయేది కాదు. అటువంటి పడవకు నీటి మట్టం దగ్గర పొడవును బట్టి ఒక సహజ వేగం ఉంటుంది. పొడవును అడుగుల్లో తీసుకొని, వర్గమూలం కట్టి, 1.34 చేత గుణిస్తే నాట్లలో వస్తుంది. 22 అడుగులకు కట్టి చూశాను, 6.3 వచ్చింది. వలలూ, ఐసు పెట్టె, నలుగురు మనుషులూ ఎక్కాక 9.9 అశ్వశక్తితో ఆ గీత దాటదు. నాట్ల లెక్క ఆరు దగ్గర తిరుగుతున్నప్పుడు మోటారు కాలి రాపిడి తగ్గించి సాధించేది ఏమీ లేదు. జాకీ పలక అమ్మేవారి కరపత్రాల్లో మొదటి గుణంగా రాసే వేగం ఆ విధంగా లెక్కలోంచి పోయింది.

ఈ సమస్యను మన తీరంలో ఎవరూ ఆలోచించలేదనుకోవడం పొరపాటు. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి బంగాళాఖాత కార్యక్రమం ఒకటి మొదలైంది. ఆ కార్యక్రమం కింద, ఓడరేవు అక్కరలేకుండా కెరటాలు దాటి ఇసుక మీదికి నేరుగా వచ్చే పడవలను రూపొందించే పని 1980లలో సాగింది. నార్వే దేశపు నౌకాశిల్పి ఓయ్‌వింద్ గుల్‌బ్రాన్సెన్ ఆ పనిలో ముఖ్యుడు. (మళ్ళీ నార్వేయే! ఆ దేశపు నీళ్ళలో ఏదో ఉన్నది.) వారు చేసినది ఏమిటంటే, చిన్న డీజిలు ఇంజనునూ దాని ఇరుసునూ కలిపి ఒకే ముక్కగా ఊగేటట్లు అమర్చి, పడవ అడుగున ఇరుసు బయటికి పోయే చోట రబ్బరు తిత్తి తొడిగారు. లోపలి నుంచి ఒక మనిషి ఇంజనును వంచితే బయట ఫ్యాను పైకి లేస్తుంది. సముద్రంలో కిందికి, ఇసుక దగ్గర పైకి. తిత్తి ఉన్నది కనుక నీరు లోపలికి రాదు. కమ్మరి తిత్తి నుంచి వచ్చిన ఆలోచన కాకపోవచ్చు గాని నాకు మాత్రం అదే గుర్తుకు వచ్చింది.

ఇందులో గమనించవలసినది, వారు ఫ్యానును శాశ్వతంగా పైకి ఎత్తలేదు. కావలసినప్పుడు లోతుగా, అక్కరలేనప్పుడు పూర్తిగా బయటికి వచ్చేటట్లు చేశారు. ఔట్‌బోర్డు మోటారుకు ఆ గుణం పుట్టుకతోనే ఉన్నది. వెనక్కి వంచితే కాలు నీటిలోంచి లేస్తుంది. వంచే చోట గడియ సరిగా పనిచేస్తే చాలు.

ఈ మాట మేనల్లుడితో ఫోనులో అన్నాను. చక్కటి పిల్లవాడు, వాదన తెలిసినవాడు. "మాస్టారండీ, పలకను పైకీ కిందికీ మార్చుకోవచ్చు కదండీ. కెరటాల్లో కిందికి దించుకొని, మేట దగ్గర పైకి ఎత్తుకుంటే సరి" అన్నాడు. మంచి ప్రశ్న. అందుకు జవాబు పలకల రకాల్లో ఉన్నది. కదలని పలకలు కొన్ని, వాటికి ఒకసారి బిగించిన ఎత్తే ఎత్తు. మర తిప్పి ఎత్తేవి కొన్ని, వాటికి ముందు బోల్టులు వదులు చేయాలి, పానాతో తిప్పాలి, మళ్ళీ బిగించాలి. కెరటాల మధ్య ఆ పని చేసేవాడు పుట్టలేదు. మీట నొక్కితే లేచేవి హైడ్రాలిక్ పలకలు, వాటికి 12 వోల్టుల బ్యాటరీ కావాలి. మావాడి మోటారు తాడు లాగితే తిరిగేది, పడవలో బ్యాటరీ లేదు. పైగా చేతి పలక ఖరీదు కొన్ని వందల డాలర్లయితే హైడ్రాలిక్‌ది వేయి డాలర్లు దాటుతుంది. ఉప్పునీరు రోజూ మీద పడే చోట ఆ పంపు, ఆ తీగలు ఎన్నాళ్ళు ఉంటాయో, పాడైతే కాకినాడలో ఎవరు బాగు చేస్తారో! కానుక ఉచితంగానే వస్తుంది, దాని సేవ ఉచితంగా రాదు.

బరువు మాట కూడా చెప్పాను. ఆ తరగతి మోటారు సుమారు 40 కిలోలు ఉంటుంది. దానిని 6 అంగుళాలు వెనక్కి జరిపితే, అంటే 15 సెంటీమీటర్లు, ఏతాం మొన మీద మనిషి ఇంకొక అడుగు వెనక్కి జరిగినట్లే. నిశ్చలంగా ఉన్నప్పుడే 40 కిలోలను 0.15 మీటర్లతో గుణించి 6 కిలోగ్రాము మీటర్ల అదనపు బలం వెనుక బల్లను వంచుతుంది. పడవ కెరటం మీద ఎగిరి పడినప్పుడు అది ఎన్నో రెట్లవుతుంది. దానికి తోడు పలక సొంత బరువు. ఈ భారమంతా మోసే ఫైబరు బల్ల లోపల చెక్క ఉంటుంది. పలకకు కొత్తగా బెజ్జాలు వేయాలి. ఒక్క బెజ్జం చుట్టూ లేపనం సరిగా పడకపోయినా ఉప్పునీరు చెక్కలోకి దిగి, రెండు మూడేళ్ళలో పైకి కనిపించకుండా లోపల మెత్తబడుతుంది. అప్పు తీరకముందే అమరం ఊడితే!

ఇంత చెప్పినా నాకే తృప్తి లేక ఒకరోజు రాణిగంజికి వెళ్ళాను. మారేడ్‌పల్లి నుంచి ఎంతో దూరం కాదు. పంపులు, బేరింగులు, బోల్టులు, గొలుసులు, మీకు పేరు తెలియని ఇనుప సామానంతా దొరికే చోటు. జాకీ పలక అని అడిగితే లారీ జాకీలు చూపించారు, అది సహజం. అక్కడే ఒక కొట్టులో నల్లకళ్ళద్దాల పెద్దాయన స్టెయిన్‌లెస్ స్టీలు గురించి నాకు అరగంట పాఠం చెప్పాడు. 304 రకం ఇంటి సింకుకు చాలు, సముద్రానికి 316 కావాలి. రెండూ చూపుకు ఒకటే, అయస్కాంతం పెట్టినా భేదం తెలియదు, కాబట్టి కాగితం చూసి, మనిషిని చూసి కొనాలి. అల్యూమినియం పలకకు స్టీలు బోల్టు నేరుగా తగిలితే ఉప్పునీటిలో అల్యూమినియమే తినుకుపోతుంది. మధ్య నైలాను వాషరు వేయాలి. ఇంత విద్య ఒక్క కప్పు టీ ఖర్చుతో దొరికింది.

తిరిగి వచ్చేటప్పుడు హుస్సేన్‌సాగరు వైపు దిగి, తెరచాప పడవల వెంట తిరిగే రక్షక పడవల మోటార్లను గట్టు మీది నుంచి చూశాను. 1562 ప్రాంతాన కట్టిన చెరువు. అందులో కెరటమంటే గాలి పెట్టే ముడత మాత్రమే. అయినా ఆ మోటార్లేవీ పలకల మీద లేవు, నేరుగా బల్లకే బిగించి ఉన్నాయి. ఈ ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పలేము గాని, చూసినది చూసినట్లు రాస్తున్నాను.

అసలు నిర్ణయం తేల్చినది మాత్రం నేను చదివినదేదీ కాదు, మావాడి నోటినుంచి వచ్చిన మాట. పలక బొమ్మను ఫోనులో పెద్దది చేసి చూసి, "మాస్టారూ, ఈ మూలలు చూశారాండి, ఈ బోల్టు తలలు? వల లాగేటప్పుడు అమరం కాడికే కదండి వచ్చేది. సన్నదారం వల. ఒక్క కన్ను ఇందులో తగులుకుందంటే చీకట్లో ఇప్పేదెవరండి?" అన్నాడు. నేను చదివిన కాగితాల్లో ఎక్కడా ఈ మాట లేదు. వాటిని రాసినవారు గాలం వేసేవారి కోసం రాశారు, వల లాగేవారి కోసం కాదు. ఇంకొకటి కూడా అతనే చెప్పాడు. మోటారు ఆరంగుళాలు వెనక్కి పోతే చేతి పిడి కూడా అంతే వెనక్కి పోతుంది. పట్టుకొని కూర్చునేవాడు అంత వెనక్కి వాలాలి. రాత్రంతా.

"మరి కాలు ఇసుకకు తగలడం మాటేమిటిరా?" అన్నాను.

అప్పుడు కొలతలు తీయించాను. తాపీమేస్త్రీ గుండుదారం తెచ్చి, పడవను సమంగా నిలిపి, వెనుక బల్ల పై అంచు నుంచి అడుగు దాకా నిలువుగా కొలవమన్నాను. బల్ల వాలుగా ఉంటుంది కనుక బల్ల వెంట కొలిస్తే లెక్క తప్పుతుంది. పదిహేడున్నర అంగుళాలు వచ్చింది. మోటారు చూస్తే 20 అంగుళాల ఇరుసుది. పాతదనమే దీనికి మూలం, వేరే పడవ మీద ఉండి వచ్చిన మోటారు. అంటే అడ్డపలక పడవ అడుగు కంటె రెండున్నర అంగుళాలు కిందికి వేలాడుతున్నది. అవసరమైన దానికంటె రెండంగుళాలు ఎక్కువ. అంతే వ్యవహారం! ఆ రెండంగుళాలూ ఎత్తడానికి అమెరికా నుంచి లోహపు చట్రం రానక్కరలేదు. వెనుక బల్ల నెత్తిన రెండంగుళాల టేకు దిమ్మ చాలు. మోటారు వెనక్కి జరగదు, బల్లకు కొత్త భారం లేదు, వల తగిలే మూలలు లేవు. ఎత్తిన తరువాత కూడా అడ్డపలక అర అంగుళం కిందుగానే ఉంటుంది గనక కెరటంలో పట్టు పోదు.

ముందుగా దిమ్మను ఊరికే బల్ల మీద ఉంచి, మోటారు బిగించి, దానిని బోటుకు గొలుసుతో కట్టి, నిశ్చలమైన నీటిలో పరీక్షించమన్నాను. మనుషులూ వలలూ ఎక్కించి ఒకసారి, ఖాళీగా ఒకసారి. మోటారు పక్క నుంచి చల్లబరిచే నీటి ధార ఆగకుండా వస్తున్నదో లేదో చూడమన్నాను. నీరు పీల్చే రంధ్రం గాలికి తేలితే ఆ ధార తెగుతుంది, ఇంజను వేడెక్కుతుంది. ఆ పరీక్షకు నిషేధం రోజుల్లో బోటు కదిలించడం ఇష్టంలేక ఒడ్డు పక్కన ఒక కాలువలో, తాళ్ళతో కట్టి, వల లేకుండా ఇసుక బస్తాలు వేసి చేశారట. ధార తెగలేదు. అప్పుడు ఫైబరు పనివాడు దిమ్మను బల్లకు ఆర్పార్ బోల్టులు వేసి, పైన పొరలు చుట్టి, రెసిన్ పూసి ఒకే ముక్కగా చేశాడు. బోల్టులు రాణిగంజివి. కాగితం చూసి, మనిషిని చూసి కొన్నవి.

ఇంత వ్యతిరేకించాను గనక జాకీ పలక దండగ అని ఎవరూ అనుకోవద్దు. కోరంగి మడ అడవుల పాయల్లోనో, అఖాతం లోపలి బురద మేటల మీదనో, పులికాటు వంటి లోతులేని సరస్సులోనో, చదునైన అడుగు గల వేగపు పడవ నడిపేవారికి అది అక్కరకు వస్తుంది. అటువంటివారు పడవ బల్ల మందం, మోటారు బరువు, పలక మోయగల అశ్వశక్తి, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే అంగడికి వెళ్ళాలి. వెనక్కి జరిపే కొలత ఎంత తక్కువైతే చిన్న పడవకు అంత మేలు. నాలుగంగుళాలు దాటించవద్దని నా సలహా.

మేనల్లుడి మనసు నొచ్చుకోకుండా చెప్పడమే ఇందులో కష్టమైన భాగం. కానుక వద్దనడం మన ఇళ్ళలో తేలికైన పని కాదు. అది కూడా పైకి వచ్చిన పిల్లవాడు, వెనుక ఉన్న మేనమామకు ప్రేమతో ఇస్తానన్నప్పుడు. మావాడు, "మీరే చెప్పండి మాస్టారూ, నేనంటే బాగోదు" అన్నాడు. నేను ఆ పిల్లవాడికి కొలతలన్నీ వివరంగా రాసి పంపాను. ఉప్పాడలో తీసిన కెరటాల వీడియో ఒకటి జతచేశాను. మరునాడు జవాబు వచ్చింది: "అర్థమయిందండీ. మరి ఏం తెమ్మంటారు?"

దీనికి మాత్రం మేనమామ తడుముకోలేదు. ఒడ్డు దగ్గర నీళ్ళలో ఇసుక ఎక్కువ, ఆ ఇసుకంతా చల్లబరిచే పంపులోకి వెళ్ళి లోపలి రబ్బరు ఇంపెల్లరు రెక్కలను అరగదీస్తుంది. అసలు తయారీవారిది దొరకడం కష్టం, దొరికినా నకిలీ భయం. "రెండు ఇంపెల్లర్లు తెమ్మనండి. అలాగే నాలుగు ప్లగ్గులు. మోటారు నంబరు నేను పంపుతానండి." మొత్తం కలిపి చేతిసంచిలో పట్టే సామాను.

జూన్ 15న గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి బోటు దించారు. ఆ సాయంత్రం ఫోను రాలేదు, మరునాడు మధ్యాహ్నం వచ్చింది. కెరటంలో ఇంజను అరవలేదట. మేట మీద మాత్రం పాటు సమయంలో ఇంకా కొంచెం తగులుతున్నదట. "అప్పుడు ఇంజను వంచేసి తెడ్డేసుకుంటన్నామండి. పోటు దాకా ఆగితే అదీ అక్కర్లేదు" అన్నాడు. వంచే చోట గడియ కొత్తది వేయించాడో లేదో అడిగాను. వచ్చే వారం వేయిస్తానన్నాడు.